టైట్రేషనునకు తెలుగు పేరు

ఖనిజమున ఇనుమెంత కలదో, ఆమ్లమున పులుపెంత కలదో కంటితో చూచి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. దీనికి రసాయనశాస్త్రము కనుగొనిన ఉపాయము మిక్కిలి సరళమైనది. బలము తెలిసిన ద్రావణమును గీతలు గల గాజుగొట్టములో నింపుదురు. బలము తెలియని ద్రావణమును కొలిచి క్రింది కుప్పెలో పోయుదురు. పైదానిని చుక్కచుక్కగా విడుచుచు, రంగు మాఱిన క్షణమున కుళాయి కట్టి, ఎంత దిగినదో చదివి, తెలిసినదాని పరిమాణమునుండి తెలియనిదాని గాఢతను గణింతురు. దీనినే టైట్రేషను అందురు. తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములలో దీనికి అంశమాపనమను పేరు స్థిరపడినది. ఆ పేరు ఆ పనికి తగినదా అను ప్రశ్న పైపైని చూచువారికి రసాయనజ్ఞుల ప్రశ్నవలె కనబడును. కాని కుళాయి త్రిప్పుటకు పేరుతో పనిలేదు. పేరుతో పని పడునది దానిని ఇతరునకు నేర్పునపుడు. అందువలన ఇది భాషాధ్యాపకుల ప్రశ్నయే.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఆంధ్రదేశముకంటె జంషెడ్‌పూరు అనుకూలమైన స్థలము. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు సంస్థ 1912లో అక్కడ తొలి ఉక్కుదిమ్మెను పోసినది. అంతవఱకు సాక్చి అను గ్రామముగా నున్నది 1919లో జంషెడ్‌పూరు అయినది. 1950 నవంబరు 26న అక్కడ జాతీయ లోహశోధనశాలను జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. కార్ఖానాతోపాటు జనమును వచ్చి చేరినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి రైలెక్కి వచ్చిన తెలుగువారు కదమా, సొనారీ పేటలలో నిలదొక్కుకొనిరి. బిష్టుపూరున రామమందిరము కట్టుకొనిరి. 2000 నవంబరులో బీహారునుండి వేఱుపడి జార్ఖండ్ అయిన ఆ రాష్ట్రములో ఈ నగరమున హిందీ, బంగాళీ, ఒడియా, సంతాలీ, తెలుగు, తమిళము మాటాడువారు ఒకే కార్ఖానాలో, ఒకే రసాయనశాలలో కలిసి పనిచేసిరి, చేయుచున్నారు. భారతీయ భాషలకు ఉమ్మడి శాస్త్రపదజాలము కావలెనని కోరువారు ఏ దృశ్యమును మనసున ఉంచుకొని కోరిరో ఆ దృశ్యము అక్కడ ప్రత్యక్షముగా కలదు. ఆ పదజాలము అక్కడ ఎట్లు నిలుచునో చూచిన చాలును.

ముందు పని యేమో స్పష్టముగా చూడవలెను. సింగ్‌భూము గనులనుండి వచ్చు హెమటైటు ఖనిజమును పొడిచేసి, కొలత ప్రకారము తూచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లములో కరగింతురు. ద్రావణము పసుపుపచ్చగా నుండును. వేడిగా నుండగానే స్టానస్ క్లోరైడును ఒక్కొక్క చుక్కగా వేసినచో ఆ పసుపు విఱుగును. అనగా ఇనుమంతయు ఫెరస్ స్థితికి దిగినదని గుఱుతు. ఎక్కువైన స్టానస్ క్లోరైడును మెర్క్యురిక్ క్లోరైడుతో తొలగించుట పాత పద్ధతి. పాదరసము విషమగుటచేత ఇప్పుడు దానిని మానిన పద్ధతులును వచ్చినవి. పిదప సల్ఫ్యూరిక్, ఫాస్ఫారిక్ ఆమ్లముల మిశ్రమము చేర్చి, బేరియం డైఫినైలమీన్ సల్ఫోనేటు చుక్కలు కొన్ని వేసి, పొటాసియం డైక్రోమేటును బ్యూరెట్టునుండి విడుతురు. ఆకుపచ్చగా నడచుచున్న ద్రావణము ఒక్క చుక్కతో ఊదారంగునకు మాఱును. దశాంశ నార్మల్ డైక్రోమేటు 1 మిల్లీలీటరు 5.585 మిల్లీగ్రాముల ఇనుమునకు సమానము. తూచిన ఖనిజము 0.4 గ్రాములనియు, దిగిన డైక్రోమేటు 43 మిల్లీలీటరులనియు అనుకొన్నచో ఇనుము 240 మిల్లీగ్రాములు, అనగా నూటికి 60 పాళ్ళు. కొలిమిలో ఏ ఖనిజమెంత వేయవలెనో నిర్ణయించుట ఇట్టి అంకెలపై ఆధారపడును. యంత్రములు వర్ణపటమును చదివి క్షణములో అంకె చెప్పుచున్న ఈ దినములలోను, ఆ యంత్రముల మాట సరియా కాదా అని తేల్చుకొనుటకు ప్రమాణముగా ఉంచు నమూనాల విలువను ఇట్టి పద్ధతులతో నిర్ణయించుట కలదు.

ఇప్పుడు ఆ బల్లచుట్టును నిలిచినవారి మాటలు వినవలెను. కుప్పెలోని ద్రవమును తెలుగు పుస్తకము ద్రావణమనును, మరాఠీయును ద్రావణమే యనును. బంగాళీ ద్రవణ మనును. హిందీ మాత్రము విలయన మనును. విలయనము వినిన తెలుగు విద్యార్థి దేనిని తలచును? అతని పుస్తకమున విలీన ద్రావణమనగా నీరు ఎక్కువగా కలిసి బలము తగ్గినది. హిందీలో దానిని తను అందురు, బంగాళీలో లఘు అందురు. హిందీవాడు కేవలము ద్రావణమని చెప్పినదానిని తెలుగువాడు పలుచని ద్రావణమని గ్రహించుటకు అవకాశము కలదు.

ఇంతకంటె చిక్కైన మాట సాంద్రత. ఈ ప్రయోగమంతయు దేనికొఱకు చేయుదురో ఆ గుణమునకు, అనగా గాఢతకు, హిందీలో సాంద్రతా అని పేరు. తెలుగులో సాంద్రత యనగా గాఢత కాదు. ప్రమాణ ఘనపరిమాణమున నుండు ద్రవ్యరాశి. కన్నడమును మలయాళమును ఈ విషయమున తెలుగుతోనే యున్నవి. హిందీలో ఆ గుణమునకు ఘనత్వమని పేరు. తెలుగువానికి ఘనత్వమనిన గట్టితనమో పెద్దఱికమో స్ఫురించును గాని సీసాలోని ద్రవము బరువు స్ఫురింపదు. అంగడిలో దొరకు సల్ఫ్యూరిక్ ఆమ్లపు సీసా నొకదానిని ఉదాహరణగా తీసికొనవచ్చును. అందు ఆమ్లము నూటికి 98 పాళ్ళు. మిల్లీలీటరు బరువు 1.84 గ్రాములు. సాంద్రత యెంత అని అడిగినచో హిందీ పుస్తకము చదివినవాడు 98 అనును, తెలుగు పుస్తకము చదివినవాడు 1.84 అనును. ఇద్దఱును తమ తమ పుస్తకముల ప్రకారము సరిగానే చెప్పినవారు. ఇద్దఱును సంస్కృతపదమునే వాడినవారు. బంగాళీవాడు గాఢత్వమని తెలుగునకు దగ్గఱగా వచ్చుచుండగా, ఉమ్మడి పదజాలమునకు కేంద్రమైన హిందీయే ఇక్కడ వేఱుదారి పట్టినది.

ఇక ప్రయోగము పేరే చూతురుగాక. హిందీలో అనుమాపన్. ఇది తెలుగు చెవికి అనుమానమునకు తోబుట్టువువలె వినబడును. నిజమునకు న్యాయశాస్త్రము చెప్పిన అనుమానము ఇక్కడ జరుగుచునే యున్నది. పొగనుబట్టి నిప్పును తెలిసికొన్నట్లు రంగునుబట్టి పరిమాణమును తెలిసికొనుటయే కదా. కాని వ్యవహారమున అనుమానమునకు సందేహమను అర్థము పాతుకొనిపోయినది; కొలతచేయువాని చేతిలో సందేహమను పేరుగల పరికరము పెట్టుట శుభము కాదు. తెలుగు గ్రంథకర్తలు అనుమాపనమును విడిచి అంశమాపనము నెంచుకొనుటకు ఈ ధ్వనియే కారణమైన కావచ్చును. కాని అంశమాపనమును గుణము తెచ్చినదా? తెలుగులో నేడు అంశమనగా విషయము. వార్తలలో ముఖ్యాంశములు, సభలలో చర్చనీయాంశములు. భాగమను మూలార్థము జ్యోతిష్కుల నోటను ఆస్తిపంపకముల పత్రములలోను మిగిలినది. విద్యార్థి అంశమాపనమను మాటను విషయముల కొలతగా గ్రహింపకున్నను, దానినుండి ఏదియు గ్రహింపడు, బట్టీపట్టును. హిందీ తెలిసిన సహోద్యోగికి చెప్పినచో అతనికి తట్టునది అంశాంకన్, అనగా పరికరములపై గీతలను సరిచూచుట. బ్యూరెట్టును సరిచూచుట టైట్రేషనునకు ముందు చేయు వేఱొక పని. ఒకే బల్లమీద రెండు పనుల పేర్లు ఇట్లు ఒకదానిపై నొకటి పడుచున్నవి.

1960లో రాష్ట్రపతి యుత్తరువు, 1961లో ఏర్పడిన శాస్త్రీయ సాంకేతిక పదావళీ సంఘము, వాని సూత్రములు ఇక్కడ గుఱుతు చేసికొనదగినవి. మూలకముల పేర్లు, ప్రమాణములు, సంకేతములు అంతర్జాతీయముగానే యుంచవలెను. భావములకు పేరిడునపుడు వీలైనన్ని భారతీయ భాషలకు ఉమ్మడిగా నుండునట్లు, సంస్కృతధాతువులనుండి కల్పింపవలెను. ఉద్దేశము మంచిది. దానికి చెల్లింపవలసిన మూల్యమును ఆ సూత్రకారులు ఎఱుగని వారు కారు: సంస్కృతపదము పల్లెవానికి వెంటనే బోధపడదు, అయినను నేర్చినవాడు దేశమంతట వాడుకొనవచ్చును గదా అని వారు తలచిరి. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడి, కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములు వ్రాయింప మొదలిడినపుడు ఈ లెక్కయే నడచినది. జంషెడ్‌పూరు బల్లవద్ద ఆ లెక్క తేలలేదు. ఇంటిలో అర్థము కాకుండుటను మూల్యముగా చెల్లించిరి. ఇంటిబయట పొత్తును కొనలేకపోయిరి. అంశమాపనము, తటస్థీకరణము, విలీనము అను మాటలు కదమాలోని తెలుగింటివారికి తెలియవు, ప్రక్కయింటి హిందీవారికిని తెలియవు. తెలుగు కార్మికుని మనుమడు హిందీలోనో ఇంగ్లీషులోనో రసాయనము చదువుచున్నాడు. ఇంటివద్ద తాతకు ఆ పని చెప్పవలసినచో టైట్రేషను అనియే చెప్పును, చెప్పి ఊరకుండును.

టైట్రేషను అను మాట ఎక్కడనుండి వచ్చినదో చూచినచో ఈ లోపము ఇంకను బాగుగా తెలియును. ఇది ఫ్రెంచి పదము తీత్ర్ నుండి పుట్టినది. తీత్ర్ అనగా పేరు, బిరుదు. లాటినున తితులుస్, అనగా పైని వ్రాసిన పట్టిక. ఆ పదమునకే ఫ్రెంచి కంసాలుల వాడుకలో వేఱొక అర్థము కలదు: బంగారమునందు, వెండియందు మేలిలోహమెంత కలదో ఆ మేలిమి. 1832లో గే లూసాక్ అను రసాయనజ్ఞుడు నాణెములలోని వెండి మేలిమిని ఉప్పునీటితో తేల్చు పద్ధతిని ప్రకటించెను. వెండిని నైట్రిక్ ఆమ్లమున కరగించి, బలము తెలిసిన ఉప్పుద్రావణమును కొలిచి పోయుచు, తెల్లని అవక్షేపము పడుట ఆగినచోట నిలుపుట ఆ పద్ధతి. అంతవఱకు మూసలో కాచి తేల్చుచుండిన తీత్ర్‌ను ఆయన గాజుగొట్టముతో తేల్చినాడు. బ్యూరెట్టు, పిపెట్టు అను పేర్లను ఈ యర్థమున వాడుకకు తెచ్చినవాడును ఆయనయే, 1824లో. వానిలో శాస్త్రీయత యేమియు లేదు: బ్యూరెట్టు చిన్నకూజా, పిపెట్టు చిన్నగొట్టము. 1855లో మోర్ అను జర్మను పండితుడు ఈ పద్ధతులన్నిటిని గ్రంథముగా కూర్చునాటికి కంసాలిమాట శాస్త్రమాట అయిపోయినది. ఫ్రెంచివారు తమ యింటిలో, అంగడిలో నున్న మాటలనే ప్రయోగశాలకు తీసికొనిపోయిరి. లోకము వానిని సాంకేతికపదములుగా గౌరవించినది.

ఆ తీత్ర్‌కు సరియైన మాట తెలుగున లేదా? కలదు. అది వన్నె. పదాఱువన్నె బంగారమని తెలుగు కవులును తెలుగు తల్లులును పలికిన మాటలో వన్నె యనగా రంగు మాత్రమే కాదు, మేలిమి అంతరువు. దీని వెనుక కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున చెప్పిన పదాఱు వర్ణకముల గణన యున్నది. మేలిబంగారము పదాఱు వర్ణకములది. రాగి కలిసినకొలది వర్ణకము తగ్గును. ఒరగల్లుమీద గీసి, గీటు రంగును ప్రమాణపు గీటు రంగుతో పోల్చి నిర్ణయింతురు. హిందీలో ఇదే వర్ణశబ్దము బానీ అయి, బారహ్‌బానీ యన్న మాటలో పండ్రెండు మెట్లుగా నిలిచినది. అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీ ఈ గణననే వివరించినది. తెలుగు పదాఱింటిని విడువలేదు. జంషెడ్‌పూరు ప్రక్కను పాఱు ఏటి పేరే సువర్ణరేఖ. దాని యిసుకలో బంగారపు రేణువులను జల్లెడపట్టి బ్రతికినవారు ఆ తీరమున నుండిరి. ఒరగల్లుమీది గీటునకు సంస్కృతమున ఇంతకంటె తగిన పేరు వెదకినను దొరకదు.

ఒరగల్లు పరీక్షకును టైట్రేషనునకును నున్న పోలిక కేవలము మాటలలోని పోలిక కాదు. రెండింటను తెలియని పదార్థము ఒకటి, తెలిసిన ప్రమాణము ఒకటి. రెండింటను తీర్పు చెప్పునది కన్ను. రెండింటను కంటికి సాక్ష్యము రంగు. వన్నె అను ఒక్క మాటలో రంగును మేలిమియు రెండును ఇమిడియున్నవి. తమిళులు ఈ ప్రయోగమునకు తరం పార్త్తల్ అని పేరిడిరి. అనగా తరము చూచుట. వారు తీత్ర్ అను మాట హృదయమును పట్టుకొనిరి, తమ మాటలో చెప్పిరి. ద్రావణమును వారు కరైసల్ అందురు. తెలుగు కరగుటకు అది దాయాదియే. వారి పద్ధతి యంతయు తెలుగువారు అనుసరింపదగినదని చెప్పుట సాహసము. సంస్కృతపదములను తెలుగు పదియు వందలేండ్లుగా తన రక్తమున కలుపుకొన్నది, వానిని ఏఱి పాఱవేయ బూనుట వెఱ్ఱిపని. కాని ఈ ఒక్కచోట తమిళులు చేసినది సరి, తెలుగువారు చేసినది సరి కాదు.

వన్నె ఒంటరిమాట కాదు. దాని చుట్టును బలగము కలదు. ఆమ్లమును క్షారము ఎదుర్కొని రెంటి తీక్ష్ణతయు పోవుటకు తెలుగు పుస్తకము తటస్థీకరణమనును. తటస్థుడనగా గట్టున నిలిచి చూచువాడు. ఆమ్లక్షారములు గట్టున నిలుచుట లేదు. ఒకదానినొకటి పట్టుకొని లవణమును నీరును అగుచున్నవి. సుశ్రుతుడు క్షారము కాల్చినచోట ఆమ్లమును పూయుమని విధించుచు, ఆమ్లముతో కూడిన క్షారము తీక్ష్ణతను వీడి శమించునని వివరించెను. బంగాళీవారు ప్రశమనమను పేరిడి ఆ భావమునే నిలిపిరి. తెలుగున పాము కఱచినను, మందు వికటించినను, పులుపెక్కువైనను అడుగునది విఱుగుడు. ఒకదాని బలము నింకొకటి విఱుచుటకు ఇంతకంటె సూటియైన మాట ఎక్కడ కలదు? సూచికయను మాటయు ఇట్టిదే. పుస్తకము చివర అకారాదిపట్టికయు సూచికయే, రంగుమాఱు చుక్కమందును సూచికయే. తమిళులు నిఱంగాట్టి, రంగుచూపునది, అనిరి. పసుపులో సున్నము కలిపి ఎఱ్ఱనీళ్ళు చేసి దిష్టితీయు ఇల్లాలికి, పారాణి కలుపు ముత్తయిదువకు, క్షారము తగిలిన పసుపు ఎఱుపగునని ఎవరును నేర్పనక్కఱలేదు. ఆ యెఱ్ఱనీటిలో నిమ్మరసము పిండినచో మరల పసుపగును. పాఠ్యగ్రంథములు పసుపును సహజసూచికగా పేర్కొనుట కలదు, కాని ఎఱ్ఱనీళ్ళను పేర్కొనవు. దిష్టిని తలచుట శాస్త్రమునకు తగదని సంకోచము కాబోలును.

దీనికి రసాయనజ్ఞులు చెప్పు ఆక్షేపణ లేకపోలేదు. బంగారపు వన్నె పాళ్ళను చెప్పును. టైట్రేషను చెప్పునది ఇంత ఘనపరిమాణమున ఇంత పదార్థమను గాఢతను. రెండును ఒకటి కావు. ఇది నిజము. కాని గే లూసాక్ వెండిపరీక్ష మేలిమి పాళ్ళనే తేల్చినది. ఆ పిదపనే ఆ పేరు గాఢతకును వ్యాపించినది. పై యినుము ఉదాహరణయందును చివర వచ్చినది నూటికి పాళ్ళే. ఫ్రెంచి మాట పెరిగినట్లు తెలుగు మాటయు పెరుగగలదు. రెండవ యాక్షేపణ కొంచెము గట్టిది: అంశమాపనము యాబది యేండ్లకు మించి పరీక్షపత్రములలో ఉన్నది, దానిని మార్చినచో గందరగోళము. దానిని మార్చనక్కఱలేదు. నిర్వచనమున అది యుండనిండు. వివరణమున, క్రియగా వాడవలసినచోట, ఆమ్లము వన్నె చూచిరి, ఖనిజపు వన్నె తేల్చిరి అని వ్రాయుటకు ఎవరు అడ్డగింతురు? అంశమాపనము చేయబడినది అనుటలో తెలుగువాక్యము పడు బాధ తప్పును. ఇది అకాడమీ యుత్తరువుతో జరుగు పని కాదు. వ్రాయువారు వ్రాసిన జరుగును.

మూడవ యాక్షేపణ యొకటి కలదు. అది పైకి చెప్పరుగాని లోలోపల అందఱికిని ఉండును. తెలుగు పేరు లేకయే తెలుగువారు ఈ విద్యలో పైకి వచ్చిరి గదా, ఇక పేరెందుకు? దానికి నిదర్శనము వాల్తేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాఖలో ఆచార్య జి. గోపాలరావును వారి శిష్యులును ఆక్సీకరణ క్షయకరణ టైట్రేషనులలో క్రొత్త ద్రావణములను, క్రొత్త సూచికలను ప్రవేశపెట్టిరి. వానిలో నొకటి జంషెడ్‌పూరునకు దగ్గఱగా వచ్చు విషయము. ఇనుము టైట్రేషనులో ఫాస్ఫారిక్ ఆమ్లము చేర్తురని పైని చెప్పబడినది; అది ఫెరిక్ ఇనుమును పట్టి కట్టివేసి, ఫెరస్ ఇనుము క్షయకరణబలమును పెంచును. ఆ బలమును కొసవఱకు తీసికొనిపోయినచో నేమగును? గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లములో ఫెరస్ ఇనుము యురేనియమును సైతము ఆఱవ ఆక్సీకరణస్థితినుండి నాలుగవ స్థితికి దింపగలదు. దీనిని టైట్రేషనుగా రూపొందించి గోపాలరావు, ఎస్. ఆర్. సాగి 1962లో టలాంటా పత్రికలో ప్రకటించిరి. 1964లో అదే పత్రికలో డేవీస్, గ్రే అనువారు ప్రకటించిన యురేనియము పద్ధతిలోను బలమైన ఫాస్ఫారిక్ ఆమ్లమున ఫెరస్ ఇనుమే క్షయకరణి. దానిపిదప డైక్రోమేటుతో టైట్రేషను. అణుపదార్థముల లెక్క సరిచూచుటలో ప్రపంచమున పెక్కుచోట్ల ఈ పద్ధతి నడచుచున్నది. జంషెడ్‌పూరునకు చేరువనున్న జాదూగూడ యురేనియము గని భారతదేశమున మొదటిది. దానిని నడపు సంస్థ 1967లో ఏర్పడినది.

వాల్తేరు పరిశోధకులు ఆంగ్లమున వ్రాసిరి, వ్రాయవలసినదియే, టలాంటా పాఠకులకు వేఱు భాష పనికిరాదు. వారిని తప్పుపట్టుట అవివేకము. కాని పరిశోధనకు ఆంగ్లము చాలినదనుటవలన బోధనకును అది చాలునని తేలదు. ఫాస్ఫారిక్ ఆమ్లము ఫెరిక్ ఇనుమును కట్టివేయుననియు, అందువలన ఫెరస్ ఇనుము చేవ పెరుగుననియు తెలుగున చెప్పుటకు పై పేరాలో ఏ కష్టమును కలుగలేదు. మూలకముల పేర్లు, ఆమ్లముల పేర్లు ఉన్నవి ఉన్నట్లుండగా, క్రియలు మాత్రము తెలుగువి యయినవి: పట్టు, కట్టివేయు, దింపు, విఱుచు. సాంకేతికభాష దారిద్ర్యమును గూర్చి వగచువారు నామవాచకముల పట్టికలు కూర్చుటలో కాలము గడపిరి. ఇంటిభాష బలము క్రియలలో నున్నదని వారికి తట్టలేదు. నార్మాలిటీని సాధారణతగా మార్చుటకు చేసిన యత్నము ఇందుకు ఉదాహరణము. హిందీవారు నార్మల్‌తా అని తోకమాత్రము చేర్చి ఊరకుండిరి, వారిదే మేలు.

విశ్వవిద్యాలయములలోని తెలుగుశాఖలు ఈ విషయమున చేయగలిగినది చిన్నదే. మహానిఘంటువు వలదు. ఒక్క ప్రయోగమును, ఈ టైట్రేషనునే, తీసికొని, దానికి కావలసిన నలుబది యేబది మాటలను హిందీ, బంగాళీ, ఒడియా, తమిళము, తెలుగులలో ప్రక్కప్రక్కన వ్రాసి, రూపము ఒకటియై అర్థము వేఱైనవానిని ఎఱ్ఱసిరాతో గుఱుతింపవలెను. దీనికి గ్రంథాలయము చాలదు; ఆయా భాషలవారు కలిసి పనిచేయు చోటికి పోవలెను. జంషెడ్‌పూరున పనిచేసి విరమించిన తెలుగు రసాయనోద్యోగులు ఉన్నారు. వారు బ్యూరెట్టు ముందు నిలిచి దేనికి ఏ మాట వాడిరో, క్రింది వానికి ఏ మాటతో నేర్పిరో అడిగి వ్రాసికొనుటకు కాలము మించిపోవుచున్నది. వారి నోట ఇంగ్లీషు నామములను తెలుగు క్రియలను కలిసి యుండుట కనబడిన, దానిని కల్తీగా త్రోసివేయక యథాతథముగా వ్రాసికొనవలెను. ఆ పట్టికలో మొదట ఎఱ్ఱసిరా తగులవలసిన మాట సాంద్రత; రెండవది విలయనము.